అధ్యక్షుడి వేషంలో మా అమ్మాయి చెప్పిన మాట

అమెరికాలో మేముండే నోవై ఊళ్లో తెలుగువాళ్లు కలిసిన చోట ఒక ముచ్చట చాలా ఏళ్లు నడిచింది. మా అమ్మాయి అయిదో తరగతిలో ఉన్నప్పుడు స్కూల్లో అమెరికా మొదటి అధ్యక్షుడి వేషం వేసిందనీ, మార్కుల కోసం తన తండ్రి సొంత తండ్రి కాదని కథ అల్లిందనీ, ఆ కథ విని ఒక తెల్ల ముసలామె కళ్లు తుడుచుకుందనీ ఆ ముచ్చట. చెప్పేవాళ్లు నవ్వుతూ చెప్పేవారు. వినేవాళ్లు నవ్వేవారు. నేనూ వాళ్లతో కలిసి నవ్వాను. ఆ ముచ్చటను పుట్టించిందే నేను.

అమ్మాయి కథ అల్లలేదు. నేను ఆమె సొంత తండ్రిని కాను. ఆ రోజు అబద్ధం చెప్పింది నేను. ఈ మూడు వాక్యాలు చెప్పడానికి నాకు ఏడేళ్లు పట్టింది. అప్పటికి వాటితో ఎవరికీ పని లేకుండా పోయింది.

అమ్మాయి తండ్రి న్యూజెర్సీలో, పార్సిప్పనీలో ఉద్యోగం చేసేవాడు. ఒక ఉదయం ఆఫీసుకు బయలుదేరి, అపార్ట్‌మెంట్ ముందు కారు తలుపు తీస్తూ పడిపోయాడు. గుండెపోటు. పాపకు అప్పుడు అయిదేళ్లు. ఇప్పటి మా ఆవిడ అప్పుడు పాపను తీసుకుని విజయవాడలో తన అక్క దగ్గరికి వెళ్లిపోయింది. నాకు అంతకు ముందే ఒక పెళ్లయి, రెండేళ్లు తిరక్కుండానే విడాకులయ్యాయి. మా ఆఫీసులో ఒకాయన ద్వారా ఈ సంబంధం తెలిసింది. ఫోన్లో కొన్ని నెలలు మాట్లాడుకున్నాం. సెలవు పెట్టి వెళ్లి రిజిస్ట్రార్ ఆఫీసులో పెళ్లి చేసుకున్నాను. ఆ చలికాలమే ఇద్దరూ నోవై వచ్చారు. పాప విమానం దిగి మంచు చూసి, దీన్ని ఎవరు ఊడుస్తారని అడిగింది. నేనేనన్నాను.

మొదట్లో నన్ను అంకుల్ అనేది. ఇక్కడ తెలిసిన పెద్దవాళ్లందరూ అంకుల్సే కాబట్టి అందులో తప్పేమీ లేదు. ఒకసారి సూపర్ మార్కెట్ బయట ఐసు మీద జారి పడబోతూ నా కోటు పట్టుకుని 'డాడీ' అంది. అని, నా ముఖంలోకి చూసింది. నేను ఆమెను ఎత్తుకుని కార్లో కూర్చోబెట్టాను. స్టీరింగ్ దగ్గర కూర్చున్నాక నాకు తాళంచెవి ఏ జేబులో ఉందో తెలియలేదు. అప్పటి నుంచీ నేను డాడీని. 'నాన్న' అనే మాట మాత్రం పోయినాయనదే. ఆ పంపకం పాప తనంతట తానే చేసుకుంది. ఆయన ఫొటో ఆమె గదిలో బల్ల మీద ఉండేది.

అబద్ధం ఎలా మొదలైందో కూడా చెప్పాలి. మేము వెళ్లిన మొదటి విందులో ఎవరో ఒకావిడ పాప గడ్డం పట్టుకుని, "అచ్చం డాడీ పోలికే. ఆ చెవులు చూడండి" అంది. కాదని చెప్పడానికి ఒక్క క్షణం చాలు. ఆ క్షణం నేను నవ్వుతూ ఉండిపోయాను. ఇంటికి వచ్చి బాత్రూమ్ అద్దంలో చాలాసేపు నా చెవులు చూసుకున్నాను. నిజంగానే పోలికున్నట్టు అనిపించింది. అంత సంతోషం నాకు ఆ మధ్య ఎప్పుడూ కలగలేదు.

మా ఆవిడ ఆ వేళ కార్లోనే అడిగింది. "ఆవిడతో చెప్పాల్సింది కదండీ?"

"చెప్పి ఏం లాభం? జాలి పడతారు. పిల్లని ఒకలా చూస్తారు."

"మీ ఇష్టం" అంది.

ఆ తర్వాత దాచడం సులభమే అయింది. పాస్‌పోర్టులో అమ్మాయి ఇంటిపేరు వేరు. కానీ మనవాళ్లకు ఇంటిపేరు ముందు పడిందా వెనక పడిందా, తాత పేరు అతుక్కుందా అన్న గొడవ ఇంటింటా ఉన్నదే. ఎవరూ అడగలేదు. ఇంటికి చుట్టాల్లాంటి స్నేహితులు వచ్చే రోజున ఆ ఫొటోను సాక్సుల సొరుగులో పెట్టమని మా ఆవిడ ఒక్కసారి చెప్పింది. రెండోసారి చెప్పే అవసరం రాలేదు. వంటింట్లో పెద్ద గిన్నెలు బయటికి వస్తున్న చప్పుడు వినగానే పాప తన గదిలోకి వెళ్లి వచ్చేది.

అయిదో తరగతిలో స్కూలు వాళ్లు మైనపు బొమ్మల మ్యూజియం అని ఒకటి పెట్టారు. పిల్లలందరూ ఎవరో ఒక ప్రసిద్ధుడి వేషం వేసుకుని జిమ్‌లో వరసగా బొమ్మల్లా కదలకుండా నిలబడాలి. ఒక్కొక్కరి ముందూ ఎర్ర కాగితంతో చేసిన బటన్ ఉంటుంది. చూడవచ్చినవాళ్లు దాన్ని నొక్కితే బొమ్మ ప్రాణం పోసుకుని తన గురించి ఒక నిమిషం చెప్పి మళ్లీ బిగుసుకుపోతుంది. మా అమ్మాయి మొదటి అధ్యక్షుణ్ని ఎంచుకుంది.

"ఆడపిల్లవి. ఎవరైనా ఆడమనిషిని తీసుకోరాదూ?" అంది వాళ్లమ్మ.

"అందరు గర్ల్స్ వాళ్లనే తీసుకున్నారమ్మా. సేమ్ హ్యాట్‌లో నలుగురు ఉంటారు."

పాత బట్టల దుకాణంలో నీలం కోటు దొరికింది. ఇత్తడి గుండీలు కుట్టాం. స్నానానికి తలకు పెట్టుకునే ప్లాస్టిక్ టోపీ మీద దూది అతికించి విగ్గు చేసింది మా ఆవిడ. లైబ్రరీ నుంచి తెచ్చిన పుస్తకాలు భోజనాల బల్ల మీదికి ఎక్కాయి. టీచరు అందరికీ తెలిసినవి కాకుండా ఆశ్చర్యపోయే సంగతులు చెప్పమన్నదట. రోజూ అన్నం దగ్గర ఒకటి వినేవాళ్లం.

"డాడీ, చెర్రీ చెట్టు స్టోరీ ఫేక్. ఆయన చచ్చిపోయాక ఎవరో బుక్‌లో రాశారు."

"చెట్టు నరికి, నేనే నరికానని తండ్రితో నిజం ఒప్పుకున్నాడని మాకు చిన్నప్పుడు స్కూల్లో చెప్పారే."

"నీకు కూడా ఫేక్ చెప్పారు." ఇంకో ముద్ద తిని, "ఆయన వైట్ హౌస్‌లో అస్సలు ఉండలేదు. కాలేజ్‌కి కూడా వెళ్లలేదు" అంది.

"చూశావా, నువ్వు మాత్రం వెళ్లాలి."

"ఆయన ప్రెసిడెంట్ అయ్యాడు డాడీ."

ఇంకో రోజు పళ్ల సంగతి. ఆయనవి చెక్క పళ్లని అందరూ అంటారు గానీ కాదట. ఏనుగు దంతమూ, జంతువుల పళ్లూ, మనుషుల పళ్లూ కలిపి చేసినవట. "వాళ్ల ఫామ్‌లో స్లేవ్స్ ఉండేవాళ్లు కదా. వాళ్ల పళ్లు కూడా అయ్యుండొచ్చట" అంది. వాళ్లమ్మ చేతిలో ముద్ద కంచంలో పడేసి, "అన్నం దగ్గర ఏం మాటలే అవి" అంది. బతికుండగా పాతిపెట్టేస్తారేమోనని ఆయన భయమట. పోయాక రెండు మూడు రోజులు ఆగి మరీ పూడ్చమన్నాడట. అది విని మాత్రం మా అమ్మాయి నవ్వలేదు. "మంచి ఐడియా" అంది, చాలా గంభీరంగా.

పిల్లలు మాట్లాడేదాని చివర, ఆ మనిషికీ తమకూ ఉన్న సంబంధం ఏమిటో రెండు మూడు వాక్యాల్లో చెప్పాలి. ఒక ఆదివారం మధ్యాహ్నం మొత్తం రాసుకుని నా ముందు నిలబడి చదివింది. ఇంగ్లీషులో చదివింది. నాకు గుర్తున్నంతలో తెలుగులో రాస్తున్నాను.

"నాకు సొంత పిల్లలు లేరు. నేను పెళ్లి చేసుకున్నావిడ మొదటి భర్త చనిపోయాడు. ఆమెకు ఇద్దరు పిల్లలు. నేనే వాళ్లను పెంచాను. వాళ్లలో అమ్మాయి పదిహేడేళ్లకే ఫిట్స్ వచ్చి నా ఇంట్లో చనిపోయింది. నేను చాలా బాధపడ్డాను." అక్కడితో అధ్యక్షుడి మాట అయిపోయి, మా అమ్మాయి మాట మొదలైంది. "నాకు అయిదేళ్లప్పుడు మా నాన్న చనిపోయారు. ఇప్పటి మా డాడీ మా అమ్మను పెళ్లి చేసుకుని నన్ను తన కూతురిగా తీసుకున్నారు. ఆయన తీసుకోకపోయినా ఎవరూ ఏమీ అనేవాళ్లు కారు. అందుకే నేను ఈ ప్రెసిడెంట్‌ని ఎంచుకున్నాను."

చదివేసి కాగితం దించి నా వైపు చూసింది.

ఆ పిల్ల నాకు ఒక బహుమతి తెచ్చిందని నాకప్పుడు అర్థం కాలేదు అని రాయబోయాను. అది నిజం కాదు. అర్థమైంది. కానీ అదే క్షణంలో ఆ జిమ్‌లోకి వీడియో కెమెరాలతో ఎవరెవరు వస్తారో కూడా కళ్ల ముందు కనబడింది. ఆ తరగతిలో మన పిల్లలు ఇంకో ముగ్గురున్నారు.

"బాగుంది తల్లీ. ఈ చివరిది తీసేద్దాం."

"ఎందుకు? బాలేదా?"

"బాగుంది. కానీ మన ఇంటి విషయం అందరికీ ఎందుకు?"

"టీచర్ మన విషయమే రాయమంది."

"వేరే విషయం రాద్దాం. ఆయన వయసులో ఉన్నప్పుడు భూములు కొలిచే పని చేశాడన్నావు కదా. మీ డాడీ కూడా కొలతల పనే. కారు తలుపులు సరిగ్గా పడుతున్నాయో లేదో కొలుస్తాడు. అది రాయి."

"అది బోరింగ్, డాడీ."

"బోరింగ్ అయినా పర్లేదు. సేఫ్."

"మరి పళ్లది? అది కూడా తీసెయ్యాలా?"

అది ఉంచమన్నాను. బానిసల నోళ్లలోంచి వచ్చిన పళ్ల గురించి చెప్పడానికి నాకు అభ్యంతరం లేకపోయింది. అది వేరేవాళ్ల ఇంటి సంగతి.

పాప పెన్సిల్ తీసుకుని, నేను చెప్పింది చెప్పినట్టు రాసుకుంది.

మ్యూజియం రోజు జిమ్ నిండా మంచు బూట్ల తడి. పిల్లలు అట్టబోర్డుల ముందు బిగుసుకుని నిలబడి ఉన్నారు. మా పక్క వీధిలో ఉండే స్నేహితురాలు మాతో పాటే వచ్చింది. కరీంనగర్ వైపు వాళ్లు. ఆమె కూతురూ ఇదే తరగతి. మా అమ్మాయి ముందు నిలబడి, చేతులు జోడించి, "ప్రెసిడెంట్ సారూ, మా రోడ్డు మీద మంచు ఎప్పుడు తీయిస్తవ్?" అంది. బొమ్మ పెదవులు వణికాయి గానీ నవ్వలేదు. ఆమె బటన్ నొక్కింది. అమ్మాయి గడగడా చెప్పింది. చెర్రీ చెట్టు, పళ్లు, పూడ్చిపెట్టడం, భూముల కొలతలు, కారు తలుపులు. నేను ఊపిరి పీల్చుకున్నాను. బాగా చెప్పిందని మా ఆవిడతో అన్నాను.

మిగతా పిల్లల్ని చూసి, మళ్లీ ఇటు తిరిగి వస్తూ, మా అమ్మాయి బోర్డు వెనక నుంచి వచ్చాను. ముందు ఒక తెల్ల ముసలామె నిలబడి ఉంది. ఎవరో పిల్లవాడి అమ్మమ్మ. బటన్ నొక్కింది. మా అమ్మాయి చెప్పడం మొదలుపెట్టింది. కొలతలు లేవు. కారు తలుపులు లేవు. నాకు సొంత పిల్లలు లేరు, అంది. ఆ ఆదివారం నా ముందు చదివింది చదివినట్టు, కాగితం లేకుండా, నెమ్మదిగా చెప్పింది. అప్పచెబుతున్నట్టు లేదు. మాట్లాడుతున్నట్టు ఉంది. ముసలామె కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "మీ డాడీ చాలా మంచివాడై ఉండాలి" అంది ఇంగ్లీషులో. బొమ్మ జవాబు చెప్పకూడదు. విగ్గు కొంచెం జారింది. అలాగే నిలబడింది.

ఆ వెంటనే మా తెలుగాయన ఒకరు వచ్చి నొక్కారు. అమ్మాయి మళ్లీ కారు తలుపుల సంగతే చెప్పింది.

పదేళ్ల పిల్ల. ముఖం చూసి మనుషుల్ని రెండు వరసలుగా విడదీస్తోంది. పరాయివాళ్లకు నిజం, మనవాళ్లకు అబద్ధం. ఆ పని ఎలా చెయ్యాలో ఆమెకు స్కూల్లో నేర్పలేదు.

తల తిప్పితే, బోర్డుకు అటు పక్కన మా స్నేహితురాలు నిలబడి ఉంది. కెమెరా కిందికి దించేసి ఉంది. ఆమె కూడా విన్నది. నన్ను చూసింది. నేను పక్కకు చూశాను.

ఆ శనివారం మా ఇంట్లోనే అందరి భోజనాలు. ఎవరి వంట వాళ్లు తెచ్చారు. పిల్లలు బేస్‌మెంట్‌లో ఆడుకుంటున్నారు. మా అమ్మాయి నీళ్ల సీసాల కోసం పైకి వచ్చింది. స్నేహితురాలు ఆమెను పట్టుకుని దగ్గరికి తీసుకుంది.

"బిడ్డా, నువ్వు ఆ ముసలామెకు చెప్పింది నేనిన్న. నా కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. ఎంత మంచిగ చెప్పినవ్ రా మీ డాడీ గురించి."

సోఫాలో ఒకాయన పాయసం గిన్నె పక్కన పెట్టి, "డాడీ గురించా? మాకు కార్ డోర్లని చెప్పిందే. ఏం చెప్పింది?" అన్నాడు.

అందరూ నా వైపు చూశారు. మా ఆవిడ వంటింటి గుమ్మంలో చేతిలో గరిటెతో నిలబడింది. అమ్మాయి కూడా నన్నే చూసింది. ఆ ముఖంలో భయం లేదు. అది నాకు బాగా గుర్తు. చెప్తావు కదా అన్నట్టు చూసింది.

నేను నవ్వాను.

"ఏం లేదండీ. ఆ ప్రెసిడెంట్‌కి సొంత పిల్లలు లేరట. మార్కుల కోసం మా డాడీ కూడా అంతేనని కథ కట్టింది. ఇక్కడి స్కూళ్లలో లెక్కల కంటే డ్రామా ఎక్కువ నేర్పుతున్నారు."

"అయితే మీరు సవతి తండ్రన్నమాట" అన్నాడాయన. "జాగ్రత్త గురూ, టీచర్ నమ్మితే ఇంటికి పోలీసుల్ని పంపుతుంది."

కొందరు నవ్వారు. అక్కడితో ఆగినా బాగుండేది. నేను అమ్మాయి వైపు తిరిగి, "అంతే కదా తల్లీ?" అన్నాను.

"అవును" అంది. తర్వాత సోఫాలో ఆయన వైపు తిరిగి, "ఐ మేడ్ ఇట్ అప్, అంకుల్" అంది. నీళ్ల సీసాలు తీసుకుని బేస్‌మెంట్‌లోకి దిగి వెళ్లింది. స్నేహితురాలు ఎవరి వైపూ చూడకుండా ఖాళీ ప్లేట్లు ఏరడం మొదలుపెట్టింది.

వాళ్లంతా వెళ్లాక మా ఆవిడ గిన్నెలు కడుగుతూ, నా వైపు తిరక్కుండా అంది. "పోయినాయన్ని కూడా కట్టుకథ చేసేశారు. నేను పక్కనే ఉండి ఊరుకున్నాను. నా పాపం నాది." మళ్లీ ఆ మాట ఎత్తలేదు. నేను అమ్మాయి గదికి వెళ్లాను. నిద్రపోయిందో లేదో తెలియదు. గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. రేపు చెబుదాం అనుకున్నాను.

సోఫాలో ఆయన ఆమెకు స్టోరీ క్వీన్ అని పేరు పెట్టాడు. ఎక్కడ కనబడినా, "ఏం స్టోరీ క్వీన్, ఈ వారం ఎవరి వేషం?" అనేవాడు. అమ్మాయి మర్యాదగా నవ్వేది. కొన్నాళ్లకు కొత్తగా ఊరికి వచ్చినవాళ్లకు కూడా ఆ ముచ్చట తెలిసింది.

అమ్మాయి నాతో గొడవ పడలేదు. పడి ఉంటే నాకు దారి దొరికేదేమో. నువ్వు అనడం మానేసి మీరు అనడం మొదలుపెట్టింది. పెద్దవుతోంది కదా, మర్యాద నేర్చుకుందని వచ్చినవాళ్లు మెచ్చుకున్నారు. ఇంట్లో నన్ను ఏమీ పిలిచేది కాదు. ఏదైనా కావాలంటే నేనున్న చోటికి నడిచి వచ్చి, దగ్గర నిలబడి మాట్లాడేది. పై అంతస్తు నుంచి డాడీ అని కేక వెయ్యడం మళ్లీ వినలేదు. బల్ల మీది ఫొటో ఇక సొరుగులోనే ఉండిపోయింది, ఎవరూ రాని రోజుల్లో కూడా. ఈత పోటీలకు తీసుకెళ్లాను. ఖాళీ పార్కింగ్ లాట్లలో డ్రైవింగ్ నేర్పాను. లెక్కలు చెప్పాను. ప్రతిసారీ థాంక్యూ అనేది. సొంత ఇంట్లో తండ్రికి ఎవరూ అన్నిసార్లు థాంక్యూ చెప్పరు.

ఎన్నోసార్లు కార్లో పక్కన కూర్చున్నప్పుడు చెప్పబోయాను. ఆ రోజు తప్పు నాదని. ప్రతిసారీ సిగ్నల్ మారేది, లేదా స్కూలు వచ్చేది. ఇవి సాకులు. తెలిసే రాస్తున్నాను.

ఒకసారి ఆమె లేనప్పుడు లైబ్రరీలో ఆ అధ్యక్షుడి జీవితచరిత్ర తీసి చదివాను. ఆయనకు పదకొండేళ్లకే తండ్రి పోయాడట. మా అమ్మాయి ఆ సంగతి మాకు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో, చదవలేదో, చదివి దాచుకుందో నాకు తెలియదు. ఆయన పెంచిన కొడుకు పెద్దవాడై, తండ్రి చెయ్యాల్సిందంతా చేసినవాడే తండ్రి అన్న అర్థంలో ఆయనకు ఉత్తరం రాశాడట. పుస్తకం మూసి అరలో పెట్టేశాను. తండ్రి చెయ్యాల్సిందంతా నేనూ చేశాను, ఒక్క సాయంత్రం తప్ప.

మొన్న జూన్‌లో అమ్మాయి హైస్కూల్ పూర్తయింది. ఇక్కడి అలవాటు ప్రకారం ఇంటి దగ్గర ఓపెన్ హౌస్ అనే విందు పెట్టాం. గ్యారేజీలో మడత బల్లలు, బయట టెంటు, ఒక బోర్డు మీద అమ్మాయి ఫొటోలు. ఆ ఫొటోలు ఆరేళ్ల వయసు నుంచి మొదలయ్యాయి. కొత్తగా వచ్చిన ఒకావిడ, "చంటి పిల్లప్పటివి ఒక్కటీ లేవేం?" అంది. "ఇండియాలో ఉండిపోయాయి" అంది మా ఆవిడ. చంటి పిల్లప్పటి ఫొటోలన్నిట్లోనూ ఆయన ఉన్నాడు. ఎత్తుకున్న చేతులు ఆయనవే.

ఇంక నావల్ల కాలేదు. గ్యారేజీ లోపల స్నేహితురాలు ఒక్కతే పుచ్చకాయ కోస్తోంది. వెళ్లి, మీకో మాట చెప్పాలన్నాను.

"చెప్పు అన్నా."

"అమ్మాయి ఆ రోజు స్కూల్లో చెప్పింది అబద్ధం కాదండీ. నేనే..."

ఆమె కత్తి ఆపలేదు. "ఎరుకనే అన్నా" అంది.

"ఎప్పటి నుంచి?"

"వదిన ఇక్కడికి వచ్చినప్పటి నుంచే. మా చెల్లె వాళ్లు అప్పుడు పార్సిప్పనీల అదే అపార్ట్‌మెంట్ల ఉండె. ఆయన పోయినప్పుడు వదినకు అన్నం వండి పంపింది వాళ్లే. అక్కడ వదినను చూసి ఉన్న, ఇక్కడ మొదటి దినం చూడంగనే గుర్తుపట్టిన."

"మరి ఒక్కరోజు కూడా అనలేదే."

"నువ్వు చెప్పకపోతివి. నీ ఇంటి ముచ్చట నువ్వు చెప్పాలె గని నేనెట్ల అంట?" ముక్కలు ట్రేలో పేర్చింది. "న్యూజెర్సీ చుట్టాల నోట ఇక్కడ పాతోళ్లందరికీ ఎరుకనే. కొత్తోళ్లకే నువ్వు చెప్పింది ఎరుక."

ఏడేళ్ల కిందటి ఆ శనివారం సాయంత్రం ఆ గదిలో ఉన్నవాళ్లలో ఎక్కువమంది పాతవాళ్లే. సోఫాలో ఆయనా, ఇంకో రెండు కుటుంబాలూ కాక, మిగిలినవాళ్లందరికీ పిల్ల నిజం చెప్పిందని తెలుసు. తెలిసే నా నవ్వు చూశారు. తెలిసే, పిల్ల చేత నేను అనిపించిన మాట విన్నారు.

"ఆ రోజు అందరి ముందు ఆ మాట ఎందుకు ఎత్తారు మరి?" అన్నాను. నా గొంతులో కోపం ఉంది. ఆమె మీద కోపం తెచ్చుకునే హక్కు నాకు లేదు.

ఆమె కత్తి పక్కన పెట్టింది. "నేను అడగలే అన్నా. మెచ్చుకున్న. పిల్లనే చెప్పుకున్నది గదా, ఇగ నువ్వు సుత అవునంటవ్, ఆ పిల్లకు బరువు దిగుతది అనుకున్న. నువ్వు అట్లంటవని నాకేం తెలుసు."

టెంటు కింద ఎవరో ఆమెను పిలిచారు. ట్రే ఎత్తుకుని వెళ్లిపోయింది.

మర్నాడు అద్దెకు తెచ్చిన బల్లలు తిరిగి ఇవ్వడానికి అమ్మాయి నాతో వ్యాన్లో వచ్చింది. ఈసారి సిగ్నల్ కోసం ఆగలేదు. ఆ రోజు నేను చేసింది తప్పని చెప్పాను. ఆ గదిలో చాలామందికి నిజం ముందే తెలుసని కూడా చెప్పాను. నువ్వు అబద్ధాలకోరువని వాళ్లెవరూ అనుకోలేదు అన్నాను. అది ఆమెకు ఊరట అవుతుందనుకున్నాను.

"నాకు తెలుసు" అంది.

"ఏం తెలుసు?"

"వాళ్లకి తెలుసని. పక్క వీధి ఆంటీ వాళ్ల అమ్మాయి ఆ మండేనే స్కూల్ బస్‌లో చెప్పింది. వాళ్ల మమ్మీ ఇంటికెళ్లి ఏడ్చిందట."

"అప్పుడే తెలుసా? మరి నాకెందుకు చెప్పలేదమ్మా?"

కిటికీ వైపు చూస్తూ మాట్లాడింది. "మీరు చెప్తారని చూశా. ఆ సమ్మర్ అంతా చూశా. అందరికీ తెలుసు, ఎవరూ ఏం అనట్లేదు, అయినా మీరు ఒక్కరే కాదంటున్నారు. నేనంటే మీకు సిగ్గు అనుకున్నా."

"సిగ్గు కాదు." వ్యాన్ పక్కకు తీసి ఆపాను. నువ్వు నా సొంత కూతురివని వాళ్లు అనుకుంటుంటే నాకు బాగుండేదని చెప్పాను. ఎవరో చెవులు పోలికన్నారనీ, ఇంటికి వచ్చి అద్దంలో చూసుకున్నాననీ చెప్పాను. అది పోతుందని భయపడ్డానన్నాను. ఈ మాటలు అంతకు ముందు మా ఆవిడతో కూడా అనలేదు.

పక్కనుంచి ట్రక్కులు పోతుంటే వ్యాన్ ఊగుతోంది.

"అది నాకు చెప్పాల్సింది" అంది. "నాకు టెన్ ఇయర్స్ అప్పుడు. అది విని ఉంటే, నేనే అందరికీ ఫేక్ చెప్పేదాన్ని. హ్యాపీగా చెప్పేదాన్ని."

"ఇప్పుడు అందరికీ నిజం చెప్తాను."

"నా కోసమైతే వద్దు. మీకు కావాలంటే చెప్పండి."

కోపంగా అనలేదు. కోపం లేదని గొంతులోనే తెలుస్తోంది. అది ఎప్పుడో అయిపోయింది, నేను చూడకుండానే. అద్దె దుకాణం దగ్గర బల్లలు ఇద్దరం చెరో వైపూ పట్టుకుని దించాం. అంచు వేలికి తగులుతుంది, జాగ్రత్త అంది.

ఆగస్టులో కాలేజీకి వెళ్లిపోయింది. గంట దూరం కూడా లేదు. వాళ్లమ్మతో రోజూ మాట్లాడుతుంది. నేను ఫోన్ చేస్తే తీస్తుంది, అడిగినవాటికి జవాబు చెబుతుంది. తనంతట తాను చెయ్యదు.

ఇది రాసే ముందు ఆమెను అడిగాను. జరిగిందంతా రాస్తాను, నీకు ఇష్టమేనా అని మెసేజ్ పెట్టాను. మర్నాడు జవాబు వచ్చింది. రాసుకోండి, నా పేరు మాత్రం మీ పేరు పక్కన పెట్టకండి, అంది. అందుకని ఇందులో ఎవరి పేరూ రాయలేదు.